ప్రసంగాల్లో వినిపించని కూతురు

మే నెల రెండో ఆదివారం వచ్చిందంటే మన చర్చిల్లో సుసన్నా వెస్లీ పేరు వినపడాల్సిందే. పంతొమ్మిది మందిని కన్న తల్లి, ఇంటి చాకిరీ మధ్య ఏప్రన్ తల మీద కప్పుకుని ప్రార్థన చేసుకునేది, అది చూసి పిల్లలు చప్పుడు చేయకుండా తిరిగేవాళ్లు, ఆ ప్రార్థనల ఫలమే మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్, ఛార్లెస్ అని చెప్తారు. ఈ ఏడాదీ అదే విన్నాను. కూడిక అయ్యాక బయట టీ తాగుతూ మా పాస్టరు అయ్యగారిని అడిగాను, "హెట్టీ గురించి కూడా ఒక్క మాట చెప్పాల్సింది కదండీ" అని. హెట్టీ అంటే సుసన్నా కూతురు, జాన్‌కి అక్క. ఆయన బాగా చదువుకున్న మనిషి, హెట్టీ ఎవరని అడగలేదు. "చెప్పొచ్చమ్మా, కానీ మదర్స్ డే రోజు అదెందుకు?" అన్నారు.

ఎందుకో టీ కప్పు ఖాళీ అయ్యేలోపు చెప్పగలిగే విషయం కాదు. అందుకే ఈ పోస్టు. నా మాట ఇదీ: ఎప్‌వర్త్ ఇంటిని, అంటే సుసన్నా వాళ్ల ఇంటిని, ఆదర్శ కుటుంబంగా మన పిల్లలకి చూపించాలనుకుంటే, పేరు తెచ్చిన కొడుకుల్ని చూసి మార్కులు వేయకూడదు. ఆ ఇల్లు తనకి తాను రాసుకున్న నియమాలు ఉన్నాయి. వాటితోనే ఆ ఇంటిని కొలవాలి. కొలిస్తే హెట్టీ విషయంలో ఆ ఇల్లు తప్పింది, అది కూడా ఒక్కసారి కాదు.

ఎక్కడో ఇంగ్లండ్‌లో మూడు వందల ఏళ్ల కింద జరిగిన సంగతి మనకెందుకంటారా? మెదక్ చర్చి కట్టింది వెస్లియన్ మిషన్ వాళ్లు. తెలంగాణలో ఏ క్రైస్తవ కుటుంబంలో చూసినా ఒక వెస్లీ ఉంటాడు. 1947లో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లు, మెథడిస్టులు కలిసిపోయారు కాబట్టి తండ్రి చర్చీ మనదే, కొడుకు చర్చీ మనదే. ఆ కుటుంబం గురించి మాట్లాడే హక్కు మనకి బాగానే ఉంది.

రెండొందల పౌన్లు, ఒక జైలు

మన ప్రసంగాల్లో దాదాపు మాయమైపోయేది ఆ ఇంటి యజమాని, రెవరెండ్ శామ్యూల్ వెస్లీ. 1690ల మధ్య నుంచి 1735లో చనిపోయేదాకా లింకన్‌షైర్‌లోని ఎప్‌వర్త్‌కి ఆయనే రెక్టరు, అంటే ఆ పారిష్‌కి (చర్చి కింద ఉండే ఊరికి) గురువు. దాదాపు నలభై ఏళ్లు అదే ఊరు. చుట్టూ ఒకప్పుడు నీళ్లు నిలిచే చిత్తడి నేలలు. 17వ శతాబ్దంలో వెర్మూడెన్ అనే డచ్ ఇంజనీరు వాటిని ఎండగట్టి పొలాలుగా మార్చాక, అప్పటిదాకా చేపలు పట్టుకుని, పశువులు మేపుకుని బతికిన జనానికి పైనుంచి ఎవరొచ్చినా ఒళ్లు మండేది. అలాంటి చోటికి, లండన్‌లో పత్రికలకి రాస్తూ, క్రీస్తు జీవితం మీద పెద్ద కావ్యం అచ్చేయించి మేరీ రాణికి అంకితమిచ్చిన మనిషి వెళ్లి కాపురం పెట్టాడు. ఎలా పొసుగుతుంది?

ఆదాయం ఏడాదికి 200 పౌన్లు. ఏడాదికి 50 పౌన్లు కూడా రాని పారిష్‌లు అప్పట్లో ఇంగ్లండ్ నిండా ఉండేవి. అలాంటి వాళ్ల కోసమే 1704లో ఆన్ రాణి పేరిట నిధి పెట్టారు. అంటే కాగితం మీద శామ్యూల్ బీదవాడేం కాదు. కానీ ఆ డబ్బు నెల తిరిగేసరికి చేతిలో పడేది కాదు. చర్చి పొలం, దశమభాగాలు, పంట, అన్నీ తనే చూసుకోవాలి. ఆయనకి లాటిన్, గ్రీకు, హీబ్రూ వచ్చు గానీ పొలం పని రాదు. అప్పు చేసి కాపురం మొదలుపెట్టాడు, ఆ అప్పు చివరిదాకా తీరలేదు. ఒకసారి చేతికొచ్చిన అవిసె పంట మొత్తం కాలిపోయింది.

1705 ఎన్నికల్లో ఊళ్లో చాలామందికి గిట్టని పక్షాన నిలబడ్డాడు. ఆ రాత్రి కిటికీ కింద డప్పులు, కేకలు, తుపాకీ మోతలు. సుసన్నాకి అప్పుడే కాన్పయింది, పసిబిడ్డని ఎదురింటి దాది దగ్గర పడుకోబెట్టారు. గోలకి రాత్రంతా నిద్రలేని ఆ దాది తెల్లవారుజామున ఒళ్లెరక్కుండా పడుకుంటే బిడ్డ ఆమె కింద నలిగి చనిపోయింది. కొద్ది వారాలకే 30 పౌన్లు కూడా లేని బాకీ కింద శామ్యూల్‌ని అరెస్టు చేయించి లింకన్ కోట జైల్లో పెట్టించారు. సుసన్నా తన ఉంగరాలు పంపింది. ఆయన వాటిని ముట్టుకోకుండా తిప్పి పంపాడు. ఇంటి దగ్గర ఆయన ఆవుల్ని ఎవరో పొడిచారు. ఆయన మాత్రం జైల్లో ఖైదీలకి ప్రార్థనలు చదువుతూ, వాళ్లకి పంచడానికి పుస్తకాలు తెప్పించుకుంటూ, అదేదో కొత్త పారిష్ అన్నట్టే గడిపాడు. ఇక్కడ ఆ మనిషంటే నాకు నిజంగా గౌరవం కలుగుతుంది.

ఆయన్ని విడిపించడానికి సాయం చేసిన యార్క్ ఆర్చిబిషప్ షార్ప్ సుసన్నాని అడిగాడట, నిజంగా మీకు రొట్టెకి కూడా కరువొచ్చిందా అని. ఆవిడ జవాబు: అచ్చంగా రొట్టె లేని రోజంటూ లేదు, కానీ తినేముందు అది సంపాదించడానికి, తిన్నాక దాని అప్పు తీర్చడానికి పడ్డ పాట్ల వల్ల ఆ రొట్టె చేదయ్యేది, అలా తినడం అసలు లేకపోవడానికి ఒక్క మెట్టే పైన.

మా నాన్నా అయ్యగారే. ఈ జవాబు చదివినప్పుడు నాకు మా ఊరి కిరాణా కొట్టు ఖాతా పుస్తకం కళ్ల ముందుకొచ్చింది. అమ్మ చీటీ రాసిచ్చి నన్ను పంపేది. కొట్టతను సామాను కట్టకుండా ముందు ఆ పుస్తకం తెరిచి, నలుగురూ వినేలా పేజీలు తిప్పేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. కందిపప్పు ఇచ్చేవాడు, ఇవ్వకుండా ఏ రోజూ పంపలేదు. ఇంట్లో ఆ పప్పు తింటూ నాన్న దేవుని పోషణ గురించి చెప్తుంటే అమ్మ తలెత్తేది కాదు. లేమి ఎలా ఉంటుందో ఆ ఇంట్లో మగాళ్ల కంటే ఆడవాళ్లకి బాగా తెలుస్తుంది, ఎందుకంటే కొట్టుకి వెళ్లేది వాళ్లే.

ఎప్‌వర్త్‌లోనూ అంతే. శామ్యూల్ మతగురువుల మహాసభ కోసం ఏటా చలికాలం లండన్ వెళ్లి కూర్చునేవాడు. పెద్ద కూతురు ఎమిలియా 1725లో తమ్ముడు జాన్‌కి రాసిన ఉత్తరంలో ఆ రోజుల్ని గుర్తుచేసుకుంది: నాన్న ఏడు చలికాలాలు లండన్‌లో ఉన్నారు, మేం ఇంట్లో భరించలేని లేమిలో ఉన్నాం, ఆదాయం పెద్దదే, సుఖమూ లేదు, పరువూ లేదు. కొడుకులు ముగ్గురికీ లండన్‌లో పేరున్న స్కూళ్లు, ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్. కూతుళ్లు ఏడుగురికీ ఇల్లే స్కూలు.

సుసన్నాకి ఒక అన్న ఉండేవాడు, ఈస్టిండియా కంపెనీలో పెద్ద పదవి చేసి సూరత్‌లో స్థిరపడ్డవాడు. ఇంగ్లండ్‌లో తన వ్యాపార వ్యవహారాలు చూడమని బావగారికి అప్పజెప్పాడు. శామ్యూల్ ఆ పనిని ఎంత చక్కగా చెడగొట్టాడో, అన్నగారు చెల్లెలికి నిష్ఠూరంగా ఉత్తరం రాశాడు. 1722లో సుసన్నా రాసిన జవాబు చదివితే ఆవిడ మీద ప్రేమ పుడుతుంది. మా ఆయన లోకవ్యవహారాలకి సరిపోయే మనిషి కాదని ఒప్పుకుంటూనే, అంత ప్రతిభ ఉన్నవాడు ఈ మూల పల్లెలో పడి ఉండటం ఎంత అన్యాయమోనని వాపోతుంది. మొగుడి తప్పుని పుట్టింటివాళ్ల ముందు ఒప్పుకుంటూ ఆయన్ని తగ్గనివ్వకుండా రాయడం అందరికీ చేతకాదు. ఆ ఉత్తరంలోనే, కాలిపోయాక మళ్లీ కట్టుకున్న ఇల్లు పదమూడేళ్లయినా సగం సామాన్లతోనే ఉందని కూడా రాసింది.

ఆ ఇల్లు కాలిన రాత్రి

1709 ఫిబ్రవరి 9. ఈ కథ మీకు తెలుసు: ఐదేళ్ల జాన్ పైగదిలో చిక్కుకుపోతే, ఒక మనిషి భుజాల మీద ఇంకో మనిషి నిలబడి కిటికీలోంచి లాగారు, మరుక్షణం కప్పు కూలింది. సండే స్కూలు గోడల మీద ఆ బొమ్మ ఉంటుంది. బొమ్మలో లేనిదేమిటంటే, నిప్పురవ్వలు మంచం మీద పడి మెలకువొచ్చి అందర్నీ లేపింది హెట్టీయేనని చెబుతారు. అప్పుడు తనకి పదకొండేళ్లు.

ఆ రాత్రి తోటలో నిలబడి శామ్యూల్ ఇరుగుపొరుగుని పిలిచి అన్న మాట గొప్పది. రండి, మోకాళ్లూని దేవునికి స్తోత్రం చెబుదాం, నా ఎనిమిది మంది పిల్లల్నీ ఆయన నాకు తిరిగిచ్చాడు, ఇల్లు పోతే పోనీ, నేను ధనవంతుణ్ణే. పుస్తకాలు పోయాయి, రాతప్రతులు పోయాయి, తిండిగింజలు పోయాయి. అయినా ఆ మాట అన్నాడు. అది నటన కాదని నా నమ్మకం. అందుకే పదహారేళ్ల తర్వాత జరిగింది మరీ మింగుడుపడదు.

వంటింట్లో రెండొందల మంది

సుసన్నా భర్తకి భయపడి నోరు మూసుకున్న ఇల్లాలు కాదు, అది ముందే చెప్పాలి. లేకపోతే హెట్టీ విషయంలో ఆవిడ మౌనం మనకి సరిగ్గా అర్థం కాదు. తన తండ్రి డాక్టర్ ఆన్స్‌లీ ఆంగ్లికన్ చర్చిని కాదన్న వర్గానికి లండన్‌లో పెద్ద నాయకుడు. పదమూడో ఏడు నిండకముందే ఈ పిల్ల తనంతట తాను ఆలోచించుకుని, తండ్రి మార్గం వదిలి ఆంగ్లికన్ చర్చిలో చేరింది. తండ్రి ఆమెని వెలివేయలేదు. 1701 చివర్లో విలియం రాజు కోసం చేసిన ప్రార్థనకి, అతన్ని అసలైన రాజుగా ఒప్పుకోని ఆవిడ ఆమెన్ అనలేదని శామ్యూల్, ఇద్దరు రాజులుంటే రెండు మంచాలుండాలి అని ప్రకటించి లండన్ వెళ్లిపోయాడు. ఆవిడ తగ్గలేదు. రాజు చనిపోయాక గానీ ఆయన దిగిరాలేదు. ఆ రాజీ తర్వాత పుట్టినవాడే జాన్.

తర్వాత వంటింటి కూడికలు. 1711–12 చలికాలం శామ్యూల్ లండన్‌లో ఉన్నాడు. ఎమిలియాకి నాన్న గదిలో ఒక పుస్తకం దొరికింది: డెన్మార్క్ రాజు పంపగా మన తరంగంబాడికి వచ్చిన మిషనరీలు జీగెన్‌బాల్గ్, ప్లూట్షావ్ చేసిన పని గురించి. అదే మిషన్‌కి తర్వాత వచ్చిన షుల్జే తెలుగు నేర్చుకుని, జర్మనీలోని హాలేలో తెలుగు పుస్తకాలు అచ్చేయించినవాడు. తమిళ తీరం మీద ఎవరో పడుతున్న తపన లింకన్‌షైర్‌లో ఒక ఇల్లాలిని కదిలించిందంటే, ఇలాంటివి చదివినప్పుడు భలే సరదాగా ఉంటుంది. ఆవిడ అప్పటినుంచి రోజుకొక బిడ్డతో విడిగా కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టింది. మంగళవారం హెట్టీది, గురువారం జాన్‌ది. ఆదివారం సాయంత్రం పిల్లలకి చదివే ప్రసంగం వినడానికి పనివాళ్లు, వాళ్ల వెనక ఇరుగుపొరుగు వచ్చి, చివరికి రెండొందల మంది దాకా అయ్యారు.

అసిస్టెంటు గురువు ఫిర్యాదు చేశాడు. శామ్యూల్ లండన్ నుంచి వద్దని రాశాడు. ఆవిడ తిరిగి రాసింది: మానుకోమని కోరుతున్నానని అనకండి, దాంతో నా మనస్సాక్షికి తృప్తి కలగదు, ఆజ్ఞాపించండి, అదీ ఎంత సూటిగానంటే, రేపు మీరూ నేనూ క్రీస్తు న్యాయపీఠం ముందు నిలబడ్డప్పుడు ఈ మంచి అవకాశం పోగొట్టిన దోషం నా మీద పడకుండా. శామ్యూల్ మళ్లీ నోరెత్తలేదు.

ఇంత ధైర్యం ఉన్న మనిషి. ఇది గుర్తుపెట్టుకోండి.

1725

హెట్టీ అసలు పేరు మెహెటబెల్. పిల్లలందరిలోకీ చురుకైనదని, ఎనిమిదేళ్లకే గ్రీకు కొత్త నిబంధన చదివేదని చెబుతారు. కవిత్వం, హాస్యం, అందం, అన్నీ ఉన్నాయి. తనని అడిగినవాళ్లు ఉన్నారు, నాన్నకి నచ్చలేదు. 1725లో ఒకతన్ని నమ్మి ఇల్లు వదిలి వెళ్లింది. అతను పెళ్లి చేసుకోలేదు. తిరిగొచ్చేసింది, అప్పటికే గర్భవతి.

ఎవరో ఒకరికి కట్టబెట్టాలి. దొరికినవాడు విలియం రైట్, సీసం పనిచేసే ప్లంబరు. చదువు అంతంతమాత్రం. హెట్టీ వద్దని బతిమాలింది. ఇంట్లో ఆమె తరఫున నాన్నకి ఎదురు చెప్పింది మేరీ ఒక్కతేనని అంటారు. చిన్నప్పుడు దాది అజాగ్రత్తవల్ల అవిటిదైన మేరీ. అక్టోబరులో పెళ్లి జరిగిపోయింది. శామ్యూల్ ఆ తర్వాత కూతురి మొహం చూడడానికి ఒప్పుకోలేదు.

మరుసటి ఏడాది ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన జాన్, తండ్రి చూసుకునే రెండో పారిష్‌లో, రూట్ అనే ఊళ్లో, తండ్రి చర్చిలోనే, పాపులపట్ల చూపాల్సిన దయ గురించి ప్రసంగించాడు. ఎవరి గురించో అందరికీ అర్థమైంది. తండ్రికి కోపం వచ్చింది. జాన్ నా మాటకి రోజూ ఎలా అడ్డం పడుతున్నాడో చూశావా అని ఛార్లెస్‌తో వాపోయాడు. అది విని జాన్ వెళ్లి నాన్నని క్షమాపణ అడిగాడు, ఇద్దరూ కన్నీళ్లు పెట్టుకున్నారు, రాజీ అయిపోయింది. ఆ రాజీలో హెట్టీ లేదు.

1729లో హెట్టీ నాన్నకి రాసింది. పెళ్లికి ముందు మీ కాళ్ల మీద పడే అవకాశం దొరికితే నా కళ్లలో ఒకటైనా ఇచ్చి ఉండేదాన్ని. జరిగిపోయింది, పెళ్లి కష్టాలకి సాధారణంగా మందుండదు. ఈ ధోరణిలో సాగుతుంది ఆ ఉత్తరం. వేడుకోలులో కూడా ఆ వంకర చమత్కారం పోదు, అది ఆమె రక్తంలో ఉంది. ఆ చమత్కారమే తండ్రికి కారంలా తగిలింది. పెళ్లి నీకు చేసిన కీడేమిటి అని ఎదురు ప్రశ్న వేశాడు. "పెళ్లి నాకు చేసిన కీడేమిటని అడిగారు" అని మొదలుపెట్టి ఆమె ఆ ప్రశ్నకి జవాబు కూడా రాసింది.

వాళ్ల సొంత నియమాలు

1732 జూలైలో, జాన్ అడిగాడని, సుసన్నా తన పిల్లల్ని పెంచిన పద్ధతిని ఒక పొడవాటి ఉత్తరంగా రాసింది. మన ప్రసంగాలకి ముడిసరుకు అదే. ఏడాది నిండేసరికి బెత్తానికి భయపడటం, ఏడ్చినా చప్పుడు లేకుండా ఏడవటం నేర్పానన్న వాక్యం అందులోదే. పిల్లల మొండితనం ముందు విరవాలన్నదీ అందులోదే. ఐదో పుట్టినరోజు దాటగానే ఒక్క రోజులో అక్షరాలన్నీ నేర్పడమూ అందులోదే.

చివర్లో ఎనిమిది నియమాలున్నాయి. తప్పు చేసినవాళ్లు నిజాయితీగా ఒప్పుకుని మారతామంటే దెబ్బలుండవు. ఒకే తప్పుకి రెండుసార్లు తిట్టడం, కొట్టడం ఉండదు. మారాక ఆ తప్పుని మళ్లీ ఎత్తిచూపకూడదు.

తేదీ చూడండి. హెట్టీ పెళ్లయి ఏడేళ్లు, ఆమె నాన్నకి రాసి మూడేళ్లు. తప్పు ఒప్పుకుంది. కాళ్ల మీద పడతానంది. ఒక్క తప్పుకి ఎన్నేళ్లుగానో శిక్ష పడుతూనే ఉంది. అదే ఇంట్లో కూర్చుని సుసన్నా ఆ నియమం రాసింది. రాస్తున్నప్పుడు కలం ఆగిందా? ఆర్చిబిషప్‌కి మొహం మీద నిజం చెప్పిన మనిషి, భర్తని క్రీస్తు న్యాయపీఠం దాకా లాగిన మనిషి, కూతురి విషయంలో సూటిగా ఆజ్ఞాపించండి అని ఎందుకు అడగలేదు? నా అసలు బాధ శామ్యూల్ మీద కన్నా ఇక్కడుంది. ఆయన సహజంగానే మొండి మనిషి. ఆవిడకి ఎదిరించడం తెలుసు.

శామ్యూల్ తరఫున

ఆ కాలం అలాంటిదని కామెంట్లలో ఎవరో రాస్తారు. ఆ కాలంలోనే, ఆ ఇంట్లోనే, ఇరవై మూడేళ్ల కొడుక్కి దయ చూపాలనిపించింది. మేరీకీ అనిపించింది. కాబట్టి నెపం కాలం మీద నెట్టేస్తే సరిపోదు.

ఇంతకన్నా బలమైన వాదన ఒకటుంది, దాంతో నేను చాలా కుస్తీ పట్టాను. ఇలాంటి తప్పు చేసిన పారిష్ జనాన్ని శామ్యూల్ చర్చిలో అందరి ముందూ నిలబెట్టి ప్రాయశ్చిత్తం చేయించేవాడు. ఆ ఊరితో ఆయనకి ఎలాంటి సంబంధమో చూశాం: పంట, ఆవులు, జైలు. అలాంటి ఊళ్లో తన కూతుర్ని మాత్రం ఊరికే వదిలేస్తే? ఒక్కడు మిగలకుండా నవ్వి ఉండేవాళ్లు. తమ ఇంటి పిల్లల్ని నిలబెట్టిన అయ్యగారు తన పిల్లని దాచుకున్నాడనేవాళ్లు. పక్షపాతం చూపకూడదనుకునే నాయకుడు ఇంట్లోవాళ్లకి బయటివాళ్ల కన్నా ఎక్కువ శిక్ష వేయడం మనం చూడనిదేం కాదు. పెద్దమనుషుల పిల్లలుగా పెరిగినవాళ్లకి ఇది ఎముకల్లో తెలుసు.

అయినా ఈ వాదన ఒక చోట తేలిపోతుంది. చర్చి వేసే ప్రాయశ్చిత్తానికి గడువుంటుంది. తెల్లబట్టతో నిలబడతావు, ఒప్పుకుంటావు, అయిపోతుంది, మళ్లీ ప్రభువు బల్ల దగ్గరికి రానిస్తారు. ఊరివాళ్లకి శామ్యూల్ ఇచ్చింది అది. కూతురికి ఇచ్చిన శిక్షకి గడువు లేదు. ఊరికీ ఇంటికీ ఒకే న్యాయం అమలు చేసి ఉంటే, హెట్టీ ఆదివారం చర్చిలో నిలబడి సోమవారం ఇంటికొచ్చి ఉండేది.

ఇంకో మాట. మా నాన్న పనిచేసిన ఒక ఊళ్లో క్వయర్‌లో పాడే అమ్మాయి ఎవరితోనో వెళ్లి, కొన్నాళ్లకి తిరిగొచ్చేసింది. ఎవరూ ఏమీ అనలేదు. క్వయర్ గౌన్లు లెక్కపెట్టి పంచినప్పుడు తన గౌను ఇంకో అమ్మాయికి వెళ్లింది, అంతే. వాళ్లమ్మ ఆ తర్వాత కూడా ప్రతి ఆదివారం వచ్చేది. సుసన్నా ప్రసంగం అప్పుడూ విన్నాం. పద్ధతిగా పెంచితే పిల్లలు జాన్‌లా, ఛార్లెస్‌లా అవుతారని ఆ తల్లి కూర్చుని విన్నది. మదర్స్ డే రోజు హెట్టీ ఎందుకని అడిగితే, అలాంటి తల్లుల కోసం.

మిగిలిన అక్కచెల్లెళ్ల జాతకాలూ గొప్పగా లేవు. ఎమిలియా కోరుకున్న సంబంధం ఇంట్లోవాళ్లే చెడగొట్టారు. చాలా ఏళ్ల తర్వాత చేసుకున్న మొగుడు ఉన్న డబ్బు తీసుకుని వదిలేశాడు. పేరు సుసన్నాయే అయిన కూతురు కొట్టే మొగుణ్ణి భరించలేక విడిపోయింది. మేరీ పెళ్లైన ఏడాదిలోపే కాన్పులో పోయింది. మార్తాని చేసుకున్న గురువు ముందు కెజియాకి మాటిచ్చినవాడు, తర్వాత ఊరంతా చెడతిరిగాడు. వీటన్నిటికీ తల్లిదండ్రుల్ని తప్పుపట్టను. కానీ ఏడుగురిలో ఇన్ని ఇలా అయితే, ఆ ఇల్లు కూతుళ్లకి పెట్టిన దారి ఏమిటని అడగాలి. గ్రీకు చదివించిన అమ్మాయికి పల్లెలో దొరికే ప్లంబరు తప్ప ఇంకో చోటు లేదు.

ఆ ప్లంబరు విషయంలోనూ ఒకటి చెప్పాలి. సాయంత్రాలు సారాకొట్టులో గడిపేవాడని హెట్టీ పద్యంలోనే ఉంది. కానీ 1728లో పుట్టిన బిడ్డ మూడో రోజుకే పోయినప్పుడు జాన్‌కి ఉత్తరం రాసింది ఆయనే. చిన్నపిల్లాడు రాసినట్టు నిండా అక్షర దోషాలు. నాకూ నా భార్యకీ చాలా బాధగా ఉందని రాసి, కింద, మా బంగారం మీద నా భార్య కట్టిన పద్యాలు కూడా పంపుతున్నాను, వీలైనప్పుడు జవాబు రాయండి అన్నాడు. భార్య కవిత్వం విలువ తెలియని మొరటువాడు ఆ పని చేయడు. మామగారికి ఆమె రాత చమత్కారంగా, అహంకారంగా కనిపించింది. ఈయనకి బావమరిదికి పంపాల్సినంత విలువైనదిగా కనిపించింది.

శామ్యూల్ చివరి రోజుల్లో మెత్తబడ్డాడనిపించే మాటలు ఛార్లెస్‌తో అన్నవి ఉన్నాయి, దేశంలో విశ్వాసం మళ్లీ చిగురిస్తుంది, నేను చూడను గానీ మీరు చూస్తారని. హెట్టీ పేరు ఆ మాటల్లో లేదు. ఆయన పోగానే 15 పౌన్ల కౌలు బాకీ కింద భూమి యజమానురాలు 40 పౌన్లకి పైగా విలువైన పశువుల్ని జప్తు చేయించింది. ఏళ్ల తరబడి కళ్లు పాడుచేసుకుని ఆయన లాటిన్‌లో రాసిన యోబు గ్రంథ వ్యాఖ్యానాన్ని జాన్ తీసుకెళ్లి కరోలిన్ రాణికి సమర్పిస్తే, బైండింగ్ చాలా బాగుందని మెచ్చుకుని తెరవకుండానే పక్కన పెట్టిందట. హెట్టీ 1750లో లండన్‌లో చనిపోయింది. పక్కన ప్రార్థన చేసిన ఛార్లెస్ డైరీలో, నలిగిన రెల్లు, ప్రభువు విరవనిది, అని రాసుకున్నాడు.

ఇప్పుడు ఆ యోబు వ్యాఖ్యానాన్ని పరిశోధకులు తప్ప ఎవరూ ముట్టుకోరు. హెట్టీ పద్యాలు మాత్రం 18వ శతాబ్దపు స్త్రీల కవిత్వ సంకలనాల్లో మెహెటబెల్ రైట్ పేరుతో ఉన్నాయి. చదవాలనుకునేవాళ్లు భర్తని ఉద్దేశించి రాసినదాన్ని తర్వాతకి ఉంచి, ఆ మూడు రోజుల బిడ్డ మీద కట్టినదాంతో మొదలుపెట్టండి, చిన్నదే.